కనపడని గాయానికి సెలవు చీటీ లేదు

మంటల్లోకి, శిథిలాల్లోకి అందరికంటే ముందు వెళ్లేవాళ్ల మనసు దెబ్బతింటే మన చట్టాలు ఏమిస్తున్నాయి? రాయ్‌పూర్ పక్కనున్న బీర్‌గావ్ నుంచి హైదరాబాద్ దాకా ఒక పరిశీలన.

2023 జూన్ 2 రాత్రి ఒడిశాలోని బహానగా బజార్ స్టేషన్ దగ్గర మూడు రైళ్లు ఢీకొన్నాయి. 290 మందికి పైగా చనిపోయారు. జాతీయ విపత్తు స్పందన దళం తొమ్మిది జట్లను దించింది. ఆ జట్లు 44 మందిని ప్రాణాలతో బయటికి తీశాయి, 121 మృతదేహాలను వెలికితీశాయి. పని ముగిసింది, జవాన్లు వెనక్కి వెళ్లారు. వారం తిరగకముందే ఆ దళాధిపతి అతుల్ కర్వాల్ ఢిల్లీలో ఒక సమావేశంలో తన మనుషుల సంగతి చెప్పారు. ఒక జవానుకు నీళ్లు చూసినప్పుడల్లా రక్తం కనిపిస్తోందట. ఇంకొకరికి ఆకలే చచ్చిపోయిందట.

యూనిఫాం వేసుకున్న ఒక పెద్ద అధికారి తన సిబ్బంది మనసు చెదిరిందని నలుగురిలో ఒప్పుకోవడం మన దేశంలో అరుదు. వాళ్లకు కౌన్సెలింగ్ ఏర్పాటు చేశామని కూడా ఆయన చెప్పారు. ఆ జవాన్ల వెనక ఒక దళం ఉంది, డాక్టర్లున్నారు, పింఛనున్న ఉద్యోగం ఉంది. బీర్‌గావ్‌లో కొలిమి పక్కన కాలిపోయిన మనిషిని స్ట్రెచర్ మీదికి ఎత్తే 108 కుర్రాడి వెనక ఎవరున్నారు?

కొలిమి పక్క ఊరు

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ రోడ్డెక్కి ఉత్తరానికి వెళ్తే బీర్‌గావ్ తగులుతుంది. సొంతంగా నగరపాలక సంస్థ ఉందన్న మాటే గానీ, రాయ్‌పూర్ ఎక్కడ ఆగిందో, బీర్‌గావ్ ఎక్కడ మొదలైందో కొత్తవాళ్లు పోల్చుకోలేరు. ఉర్లా పారిశ్రామికవాడ దీన్ని ఆనుకునే ఉంటుంది. ఇంకాస్త పైకి పోతే సిల్తరా. స్పాంజి ఐరన్ బట్టీలు, ఫర్నేసులు, రోలింగ్ మిల్లులు ఈ ప్రాంతానికి ఊపిరి, ఉక్కిరిబిక్కిరి కూడా. విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే రైలుమార్గం ఉత్తరాంధ్రను రాయ్‌పూర్‌తో ఎప్పుడో కలిపింది. ఇక్కడి రైల్వే కాలనీల్లో తరాలుగా పాతుకుపోయిన తెలుగు కుటుంబాలున్నాయి. కనుక ఇది పరాయి ఊరి గొడవ కాదు.

ఇనుము కరిగించే చోట ప్రమాదం తీరే వేరు. తడిసిన తుక్కు ఫర్నేసులో పడిందంటే అందులోని నీరు క్షణంలో ఆవిరైపోయి, కరిగిన లోహాన్ని ఎగజిమ్ముతుంది. పక్కన నిలబడ్డవాడికి తప్పుకునే వ్యవధి ఉండదు. 2025 సెప్టెంబరులో సిల్తరాలోని ఒక ఉక్కు కర్మాగారంలో కట్టడం కూలి ఆరుగురు చనిపోయారు. అంతకుముందు ఏడాది మే 25న బేమెతరా జిల్లా పిర్దా గ్రామంలోని పేలుడు పదార్థాల కర్మాగారంలో భారీ పేలుడు జరిగింది. గల్లంతైన కార్మికుల ఆనవాళ్ల కోసం సిబ్బంది శిథిలాలు తవ్వి వెతికారు. అలాంటి చోట వెతికేవాడికి దొరికేది మనిషి కాదు. ఆ పని చేసిన చేతులకు సాయంత్రం అన్నం ఎలా కలుపుకోవాలో ఎవరూ నేర్పరు.

భిలాయ్ కూడా రాయ్‌పూర్‌కు కూతవేటు దూరమే. 2018 అక్టోబరు 9న అక్కడి ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను మరమ్మతు జరుగుతుండగా మంటలు ఎగిశాయి. పది మందికి పైగా చనిపోయారు. మృతుల్లో ప్లాంటు అగ్నిమాపక సిబ్బంది కూడా ఉన్నారు. ఏదైనా జరిగితే ఆర్పడానికని పక్కన నిలబెట్టినవాళ్లే బలైపోయారు. మిగిలిన సహోద్యోగులు మర్నాడు అదే డ్యూటీ ఎక్కారు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఆపదలో ముందు చేరేది ఎవరంటే మనకు అంబులెన్సు, ఫైరింజను, 112 పోలీసు బండి గుర్తొస్తాయి. ఇనుప వాడలో నిజానికి ముందు చేరేది అదే షిఫ్టులో ఉన్న తోటి కూలీ. గోనెసంచితో మంటలు కొట్టేదీ, సైరన్ వినిపించేదాకా మనిషిని ఒళ్లో పెట్టుకు కూర్చునేదీ అతనే. ఆ తర్వాత 108. ఆ తర్వాత పోలీసు. చివరికి అందరూ చేరేది రాయ్‌పూర్ అంబేద్కర్ ఆసుపత్రి, ఇక్కడివాళ్లు పిలుచుకునే పేరు మేకాహారా. బతికినవాళ్ల లెక్క ఆసుపత్రి రాసుకుంటుంది, పోయినవాళ్ల లెక్క పోలీసులు రాసుకుంటారు. ఈ ఇద్దరినీ మోసినవాళ్ల లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు.

రోగం పద్ధతి

పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అనే రోగ నిర్ధారణ 1980లో అమెరికా మనోవైద్యుల గ్రంథంలోకి ఎక్కింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గోడు దాని వెనక ఉంది. జరిగింది మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు రావడం, దాన్ని గుర్తుచేసే చోటుకూ మనిషికీ వాసనకూ దూరంగా పారిపోవడం, మనసు మొద్దుబారడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం, అయినవాళ్ల మీద విరుచుకుపడటం. ఇవన్నీ నెల దాటినా తగ్గకుండా మనిషి పనినీ కాపురాన్నీ దెబ్బతీస్తుంటే డాక్టరు ఆ పేరు పెడతాడు.

2013లో వచ్చిన ఐదో కూర్పు ఒక అడుగు ముందుకేసింది. ప్రాణాపాయం తనకే వచ్చి ఉండనక్కర్లేదు, ఉద్యోగంలో భాగంగా అలాంటి ఘోరాలను పదేపదే దగ్గరగా ఎదుర్కొన్నా చాలని చెప్పింది. దానికి ఆ గ్రంథం ఇచ్చిన ఉదాహరణ ఏమిటో తెలుసా? మనుషుల అవశేషాలను సేకరించే సహాయక సిబ్బంది. పిర్దాలో తవ్వినవాళ్లు, 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మందుల కర్మాగారం పేలాక రోజుల తరబడి శిథిలాలు జల్లెడ పట్టినవాళ్లు, అదే ఏడాది ఫిబ్రవరిలో ఎస్ఎల్బీసీ సొరంగం కూలినప్పుడు బురదలోకి దిగిన సింగరేణి రెస్క్యూ జట్లు ఈ వాక్యం కిందికే వస్తారు. సొరంగంలో చిక్కిన ఎనిమిది మందిలో ఒక్కరూ ప్రాణాలతో రాలేదు. నెలల తరబడి వెతికితే దొరికినవి రెండు మృతదేహాలు.

ఈ పని చేసిన ప్రతివాడికీ రోగం వస్తుందని కాదు. ఎక్కువమంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. కొందరు కోలుకోరు. వాళ్లలో కొందరికి లక్షణాలు వెంటనే బయటపడవు. ఆరు నెలల తర్వాత పూర్తిగా బయటపడే రకాన్ని అదే గ్రంథం విడిగా గుర్తించింది. ఈ ఆరు నెలలన్న అంకె గుర్తుంచుకోండి, కింద మన సర్వీసు రూల్సుతో దీనికి పేచీ వస్తుంది.

మంచం ఎక్కితేనే సెలవు

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వోద్యోగులకు ఫండమెంటల్ రూల్సులో 83వ నిబంధన ఉంది. విధి నిర్వహణలో దెబ్బ తగిలి పనికి రాకుండా పోతే ప్రత్యేక సెలవు ఇస్తుంది. గరిష్ఠంగా 24 నెలలు. మంచి రూలే. అయితే ఆ వైకల్యం ఘటన జరిగిన మూడు నెలల్లోపు బయటపడాలి, ఉద్యోగి ఆ సంగతి వెంటనే పైవాళ్ల చెవిన వేసి ఉండాలి. గడువు దాటినా కారణం నమ్మకంగా ఉంటే అధికారి మినహాయింపు ఇవ్వొచ్చు. అంటే వైద్యశాస్త్రం ఆరు నెలల తర్వాత కూడా రావచ్చంటున్న రోగానికి రూలు మూడు నెలల గడువు పెట్టి, ఆపైన అధికారి దయకు వదిలేసింది. కాలు విరిగినవాడిని దృష్టిలో పెట్టుకుని రాసిన రూలు ఇది. రాసినవాళ్ల తప్పేమీ లేదు, అప్పటికి ఈ రోగానికి పేరే లేదు. తర్వాత వచ్చినవాళ్లు తిరిగి చూడకపోవడమే తప్పు.

కేంద్రం 2018లో తన ఉద్యోగులకు ఆసుపత్రి సెలవు, ప్రత్యేక వైకల్య సెలవు లాంటివన్నీ కలిపి పని వల్ల కలిగిన అనారోగ్యం, గాయాల సెలవుగా మార్చింది. అనారోగ్యం అన్న మాట పేరులోనే చేరడం సంతోషం. ఆసుపత్రిలో ఉన్నంతకాలం పూర్తి జీతం, బయటికొచ్చాక ఆరు నెలలు పూర్తి జీతం, ఆ తర్వాత కేంద్ర బలగాలకు ఒక లెక్క, మిగిలినవాళ్లకు ఒక లెక్క. చదవడానికి బాగుంది. కానీ లెక్క ఎక్కడ మొదలవుతోందో చూడండి: ఆసుపత్రిలో చేరడంతో. పీటీఎస్‌డీ వచ్చినవాడికి సాధారణంగా పడక అక్కర్లేదు. వారానికోసారి శిక్షణ పొందిన చికిత్సకుడి ముందు గంటసేపు కూర్చోవాలి, నెలల తరబడి. ఆ గంటకు మన రూల్సులో చోటు లేదు.

బీమా కథ కూడా ఈ వరసే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. శరీర రోగాలకు ఎలా బీమా ఇస్తున్నారో మానసిక రోగాలకూ అలాగే ఇవ్వాలని అందులోని 21వ సెక్షన్ చెబుతోంది. కంపెనీలు వెంటనే దారికి రాలేదు. ఢిల్లీ హైకోర్టు 2021లో ఒక మహిళ పిటిషన్ మీద మొట్టికాయ వేయాల్సి వచ్చింది. ఇప్పుడు పాలసీల్లో మానసిక రోగం ఉంది. కాకపోతే మన ఆరోగ్య పాలసీల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. ఓపీలో కూర్చుని మాట్లాడినందుకు ఇవ్వవు. తలుపు తెరిచారు గానీ ఈ రోగి వచ్చే గుమ్మం వైపు కాదు.

షెడ్యూలులో లేని జబ్బు

సెలవు సంగతి ప్రభుత్వోద్యోగులది. ఉర్లాలో పనిచేసే కూలీకి, కాంట్రాక్టు అంబులెన్సు సిబ్బందికి దిక్కు రెండు చట్టాలు. 1923 నాటి పరిహార చట్టం, 1948 నాటి ఈఎస్ఐ చట్టం. 2025 నవంబరు 21 నుంచి ఈ రెండూ సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయాయి. కలిసినా లోపలి సరుకు చాలావరకు పాతదే.

ఈ చట్టాల్లో వృత్తిరోగాల పట్టిక ఒకటుంది, మూడో షెడ్యూలు. అందులో సీసం విషం ఉంది, సిలికోసిస్ ఉంది, చప్పుడుకు చెవుడు రావడం ఉంది. పట్టికలో ఉన్న రోగం ఆ పనిచేసేవాడికి వస్తే, అది పని వల్లే వచ్చిందని చట్టం ముందే ఒప్పుకుంటుంది. కాదని నిరూపించాల్సింది యజమాని. పట్టికలో లేకపోతే కథ తిరగబడుతుంది. ఫలానా ప్రమాదంలో తగిలిన ఫలానా దెబ్బ వల్లే నేరుగా ఈ రోగం వచ్చిందని కార్మికుడే నిరూపించాలి. పీటీఎస్‌డీ ఆ పట్టికలో లేదు. అసలు మనసుకు సంబంధించిన రోగం ఒక్కటీ లేదు.

ఇరవై ఏళ్లలో వందల శవాలు మోసిన మనిషిని ఏ ప్రమాదమో చూపించమంటే ఏది చూపిస్తాడు?

రూపాయల్లో చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నెలకు 18,000 రూపాయల జీతమున్న ఒక అంబులెన్సు టెక్నీషియన్‌ను తీసుకోండి. అతని జబ్బు పని వల్ల తగిలిన గాయమైతే ఈఎస్ఐ జీతంలో 90 శాతం, అంటే 16,200, అతను కోలుకునేదాకా ఇస్తుంది. మామూలు జబ్బు అయితే 70 శాతం, అంటే 12,600, అదీ ఏడాదికి 91 రోజులే. దీర్ఘరోగాలకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇచ్చే ఇంకో ఏర్పాటుంది. 34 రోగాల ఆ జాబితాలో స్కిజోఫ్రేనియా ఉంది, తీవ్ర కుంగుబాటులో ఒక రకం ఉంది. పీటీఎస్‌డీ పేరు అక్కడా కనపడదు. పైగా ఈఎస్ఐ కిందికి రావాలంటే జీతం నెలకు 21,000 దాటకూడదు. 2017 జనవరిలో పెట్టిన గీత అది. ఆ తర్వాత జీతం నాలుగు వందలు పెరిగి గీత దాటినవాడికి ఈ నీడ కూడా పోయింది.

హైదరాబాద్ ఇచ్చిన అంబులెన్సు

108 మన సొత్తు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈఎంఆర్ఐ సంస్థ ఈ బళ్లను రోడ్డెక్కించింది. 2009లో జీవీకే చేతికి వచ్చింది. రాష్ట్రం తర్వాత రాష్ట్రం ఆ నమూనాను తెచ్చుకున్నాయి, 2011లో ఛత్తీస్‌గఢ్ సంజీవని ఎక్స్‌ప్రెస్ పేరుతో మొదలుపెట్టింది. డ్రైవరును పైలట్ అనడం, వెనక కూర్చునే టెక్నీషియన్‌ను ఈఎంటీ అనడం అన్నీ హైదరాబాద్ నుంచి వెళ్లినవే. బండి, ఫోను నంబరు, ఆక్సిజన్ సిలిండర్ అన్నీ నమూనాలో ఉన్నాయి. సిబ్బంది మనసు మాత్రం ఆ నమూనాలో లేదు.

ఈ సేవ టెండరు మీద నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనే జీవీకే నుంచి బీవీజీకి, అక్కడినుంచి అరబిందోకు చేతులు మారింది. బోర్డు మారుతుంది, బండి రంగు మారుతుంది, లోపలి మనిషి చాలాసార్లు అతనే. మొదటి కంపెనీ కింద చూసిన ఘోరాలు మూడో కంపెనీ కింద రోగమై బయటపడితే ఖర్చు ఎవరిది? ఏ కాంట్రాక్టులో ఈ ప్రశ్నకు జవాబు రాసుంటుంది? ఇది ఏదో కంపెనీ దుర్మార్గం అనుకోవడం తేలిక, కానీ టెండరు పత్రం రాసేది ప్రభుత్వం. బండికి టైర్లు ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో రాయగలిగిన ప్రభుత్వం మనిషికి విశ్రాంతి ఎప్పుడివ్వాలో కూడా రాయగలదు. ఒక ఊరట: కంపెనీ మారినా కార్మికుడి ఈఎస్ఐ నంబరు అతని వెంటే ఉంటుంది. అందుకే ఈ రోగానికి పరిష్కారం కంపెనీ దగ్గర కాకుండా ఈఎస్ఐ దగ్గర వెతకడం మంచిది.

హోంగార్డుల పరిస్థితి ఇంకా అధ్వానంగా ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో వీళ్లది నగర్ సేన. వరదొచ్చినా మంటలొచ్చినా పిలుపు వీళ్లకే. కాగితం మీద వీళ్లు స్వచ్ఛంద సేవకులు, వచ్చేది జీతం కాదు, డ్యూటీ భత్యం. పోలీసు కనీస వేతనానికి తగ్గకుండా ఆ భత్యం ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పాక కొంత మెరుగైంది. డ్యూటీ చేస్తేనే భత్యం అయినప్పుడు నిద్రపట్టని మనిషి సెలవు ఎలా అడుగుతాడు?

నోరు లేని కొలువు

పోలీసులకు సంఘం పెట్టుకునే, వీధికెక్కే స్వేచ్ఛ లేదు. 1966 నాటి చట్టం ఆ హక్కులకు కళ్లెం వేసింది. కాబట్టి 2018 జూన్‌లో రాయ్‌పూర్‌లో జీతాలు, వారపు సెలవు గురించి వీధికెక్కింది కానిస్టేబుళ్లు కాదు, వాళ్ల భార్యలు. 2024 అక్టోబరులో తెలంగాణలో అచ్చం ఇదే జరిగింది. బెటాలియన్ పోలీసుల భార్యలు రోడ్డు మీద కూర్చున్నారు. ఆ నిరసనల నేపథ్యంలో ప్రభుత్వం 39 మంది పోలీసులను సస్పెండ్ చేసింది, 10 మందిని ఉద్యోగం నుంచే తీసేసింది. వారపు సెలవు అడిగితేనే ఇదైతే, నాకు రాత్రిళ్లు పీడకలలు వస్తున్నాయని పై అధికారికి రాసిచ్చే ధైర్యం ఎవడికుంటుంది? రాసిస్తే చేతిలోని తుపాకీ లాక్కుంటారు, పదోన్నతి ఆగుతుంది, తోటివాళ్లు పిచ్చోడంటారు. ఈ భయం ఉత్తిది కాదు.

అంకెలు చూడండి. కేంద్ర సాయుధ బలగాల్లో 2020 నుంచి 2024 వరకు ఐదేళ్లలో 730 మంది ఆత్మహత్య చేసుకున్నారని హోంశాఖ పార్లమెంటుకు చెప్పింది. 55 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణతోనో రాజీనామాతోనో వెళ్లిపోయారు. ఆత్మహత్యల్లో 80 శాతానికి పైగా సెలవు నుంచి తిరిగొచ్చాకే జరిగాయని ఆ శాఖ వేసిన కార్యదళం తేల్చింది. ఇంటి నుంచి మళ్లీ క్యాంపుకు వెళ్లాలన్న ఆలోచనే మోయలేనిదవుతోందన్న మాట. 2021 నవంబరు 8న తెలంగాణ సరిహద్దులోనే, సుక్మా జిల్లా లింగంపల్లి క్యాంపులో ఒక సీఆర్పీఎఫ్ జవాను తోటివాళ్ల మీద కాల్పులు జరిపి నలుగురిని చంపాడు. వీటన్నిటికీ పీటీఎస్‌డీయే కారణమనడం తొందరపాటు. అప్పులు, కుటుంబ కలహాలు, అధికారుల వేధింపు అన్నీ కలుస్తాయి. కానీ ఏది ఎంతో తేల్చే పరీక్ష కూడా జరగడం లేదుగా. ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖ 2020లో సిబ్బంది మానసిక ఒత్తిడి తగ్గించడానికి స్పందన్ పేరుతో కార్యక్రమం మొదలుపెట్టింది. మంచిదే. అయితే కార్యక్రమం డీజీపీ ఇష్టం మీద నడుస్తుంది, హక్కు అయితే డీజీపీ మారినా ఉంటుంది.

హక్కు సంగతికొస్తే, గట్టి ఆధారం ఒకటుంది. సీఆర్పీఎఫ్ అధికారి రవీందర్ కుమార్ ధరీవాల్ కేసు. 2001లో చేరిన ఆయనకు తర్వాత మానసిక రోగం ఉందని తేలింది. ఆయన ప్రవర్తన మీద శాఖాపరమైన విచారణ పెట్టారు. 2021 డిసెంబరు 17న సుప్రీంకోర్టు, జస్టిస్ డి.వై.చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం, ఆ విచారణను కొట్టేసింది. రోగం వల్ల వచ్చిన ప్రవర్తనకు శిక్ష వేయడం వివక్షేనంది. తుపాకీ పట్టే ఉద్యోగానికి పనికిరాకపోతే అదే జీతంతో ఇంకో పని ఇవ్వాలని చెప్పింది. ప్రభుత్వోద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదన్న 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షనే దానికి ఆధారం. ఈ తీర్పు ప్రతి పోలీసు స్టేషన్ నోటీసు బోర్డు మీద ఉండాల్సింది. కేంద్రం మాత్రం తీర్పుకు ముందే, అదే ఏడాది ఆగస్టులో, కేంద్ర బలగాల పోరాట విభాగాలకు ఆ సెక్షన్ నుంచి మినహాయింపు ఇచ్చుకుంటూ ప్రకటన జారీ చేసింది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కోవడం మనకు కొత్త కాదు.

అక్కడ ఎలా చేశారు

కెనడాలో అల్బర్టా రాష్ట్రం 2012లో ఒక చిన్న మార్పు చేసింది. పోలీసు, ఫైర్‌మన్, అంబులెన్సు సిబ్బందికి పీటీఎస్‌డీ వచ్చిందని డాక్టరు తేలిస్తే, అది ఉద్యోగం వల్లే వచ్చిందని చట్టం అనుకుంటుంది. కాదనేవాళ్లు నిరూపించాలి. 2016 ఏప్రిల్‌లో ఒంటారియో అదే దారి పట్టింది, ఫోనెత్తే కంట్రోల్ రూము సిబ్బందిని కూడా చేర్చింది. ఆ చేర్పు నాకు బాగా నచ్చింది. రాయ్‌పూర్‌లో 112 ఫోనెత్తే అమ్మాయి ఘటనాస్థలానికి వెళ్లదు. కానీ ఫోనులో కేకలు వింటుంది, ఆ కేకలు ఆగిపోవడం కూడా వింటుంది. అటుపైన ఏమైందో ఆమెకు ఎవరూ చెప్పరు. మానిటోబా ఇంకా ముందుకెళ్లి 2016 నుంచి కార్మికులందరికీ వర్తింపజేసింది. అమెరికాలో ఫ్లోరిడా 2018లో, అక్కడి కేంద్ర ప్రభుత్వం 2022లో తమ తమ పద్ధతుల్లో చట్టాలు తెచ్చాయి.

ఆ దేశాలకు డబ్బుంది, మనకెక్కడిది అనే వాదన వస్తుంది. దానికి జవాబు జెనీవాలో ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తిరోగాల జాబితాలో పీటీఎస్‌డీ ఉంది. ధనిక దేశాలకు వేరు, పేద దేశాలకు వేరు అని ఆ జాబితా రెండు రకాలుగా లేదు. భారత్ ఆ సంస్థ వ్యవస్థాపక సభ్య దేశం.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఇలాంటి విషయంలో ఉత్సాహవంతులైన అధికారులు వెంటనే చేసేది, ప్రమాదం జరిగిన రాత్రే అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఏం చూశారో చెప్పించడం. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో ఇదే వైద్యమనుకున్నారు. పరిశోధనలన్నీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష, అలాంటి ఒక్కసారి కూర్చోబెట్టడం వల్ల పీటీఎస్‌డీ ఆగదని తేల్చింది, కొందరికి చెరుపు కూడా చేయొచ్చంది. ఆ రాత్రి మనిషికి కావలసింది వేడి అన్నం, స్నానం, నిద్ర, మర్నాడు డ్యూటీ లేకుండా ఉండటం, బాగోగులు అడిగే తోటివాడు ఒకడు. నెల తర్వాత మళ్లీ అడగాలి. ఆరు నెలల తర్వాత ఇంకోసారి. తగ్గకపోతే ఆ గాయం మీదే నేరుగా పనిచేసే చికిత్సలున్నాయి, మందులున్నాయి. ఇవి పనిచేస్తాయి. ఫోను సాయం కావలసినవాళ్లకు 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్రం వారి టెలీ మానస్ ఉంది. నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. రాయ్‌పూర్‌లో ఉన్న తెలుగువాళ్లు కూడా.

ఒక్క గెజిట్ ప్రకటన

ఇంతకీ ఏం అడగాలి? పెద్ద పథకం అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు, మంత్రిగారి చేత రిబ్బను కత్తిరించే పని అసలే లేదు. వృత్తిరోగాల మూడో షెడ్యూలులో అగ్నిమాపక, అంబులెన్సు, విపత్తు, కంట్రోల్ రూము పనులను చేర్చి, వాటి ఎదురుగా పీటీఎస్‌డీ అని రాయాలి. ప్రమాదంలో తోటివాడిని బయటికి లాగిన కార్మికుడిని కూడా అందులో కలపాలి, లేకపోతే బీర్‌గావ్‌కు ఒరిగేదేమీ ఉండదు. సెలవు రూల్సులో మూడు నెలల గడువు తీసేసి, ఆసుపత్రి పడకతో ముడి విప్పాలి. అంబులెన్సు టెండరులో ఘోర ప్రమాదం తర్వాత జీతంతో కూడిన విశ్రాంతి, ఓపీ చికిత్స ఖర్చు షరతులుగా పెట్టాలి. పోలీసుల్లో చికిత్స కోరినవాడి పేరు అతని సర్వీసు రికార్డుకు ఎక్కకూడదు.

వీటిలో మొదటిదానికి పార్లమెంటులో బిల్లు కూడా అక్కర్లేదు. షెడ్యూలులో కొత్త పనులను, వాటి రోగాలను చేర్చే అధికారం 1923 చట్టం కేంద్రానికే కాదు, రాష్ట్ర ప్రభుత్వాలకూ ఇచ్చింది. కొత్త కోడ్‌లోనూ ఆ ఏర్పాటు ఉంది. చేర్చదలచుకున్నామని గెజిట్‌లో మూడు నెలల ముందు నోటీసు, ఆ తర్వాత గెజిట్‌లోనే ప్రకటన. అంతే పని. 108ని దేశానికి ఇచ్చిన తెలుగు రాష్ట్రాలు ఆ నోటీసు ముందుగా ఇవ్వాలి. కార్మిక సంఘాలు, అంబులెన్సు ఉద్యోగుల సంఘాలు ఈ ఒక్క డిమాండును వచ్చే బడ్జెట్ సమావేశాల్లోపు కార్మిక మంత్రుల బల్ల మీద పెట్టాలి.